ఎండల్లో శాలువా

కత్తిపీట మీద బొచ్చె చేప తల ఒక్క ఒత్తుకి తెగాలి. రెండోసారి ఒత్తితే చేప పెద్దదనుకుంటారు. మూడోసారి ఒత్తాల్సి వస్తే కోసే మనిషి పని అయిపోయిందనుకుంటారు. బెజవాడ చేపల మార్కెట్లో దీనికి మినహాయింపు లేదు. ఆ గురువారం పొద్దున పేరమ్మ నాలుగుసార్లు ఒత్తింది.

ఎదురుగా సంచీ పట్టుకుని నిలబడ్డ స్కూటరాయన మొదట వాచీ చూసుకున్నాడు. తర్వాత ఆమెని చూశాడు. "ఏమ్మా, ఈ చేప ఇవాళే కోస్తావా, ఆదివారం రమ్మంటావా?" అన్నాడు.

"అయిపోయిందండీ, ఒక్క నిమిషం" అంది పేరమ్మ. అన్నదే గానీ ఆ మాట బొంగురుగా, మగగొంతులా, నాలుక మందంతో సాగి సాగి వచ్చింది. ఆయన ఆమె మొహంలోకి పరకాయించి చూశాడు. ఉబ్బిన కళ్ళు, వాచిన బుగ్గలు, ఆ గొంతు, వీటన్నిటికీ తోడు మెడ చుట్టూ తిప్పి ముడేసుకున్న ముతక శాలువా. మే నెల రెండో తారీఖు. పొద్దున ఎనిమిదింటికే అరికాళ్ళు కాలిపోతున్నాయి, మార్కెట్టు మార్కెట్టంతా చెమటలు కక్కుతోంది, ఈవిడేమో శాలువా కప్పుకుని కూచుంది. ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆ అడుగు సంగతి పేరమ్మకి బాగా తెలుసు. తాగినవాళ్ళ దగ్గర మనుషులు వేసే అడుగది.

తాగడమట! నలభై ఏళ్ళ బతుకులో పేరమ్మ సారా చుక్క నాలిక్కి తగిలించి ఎరగదు. మూడేళ్ళ కిందట మార్కెట్టు ఆడవాళ్ళంతా సంఘం కట్టి సారా కొట్టు మీద పడినప్పుడు, ప్యాకెట్ల బస్తాలు ఈడ్చుకెళ్ళి కాలవలో పారబోసిన మొదటి నలుగురిలో ఆమె ఒకత్తె. ఇప్పుడు రాష్ట్రమంతా మందు బందైపోయింది. దొంగచాటున కాచే నాటుసారా ఎవరన్నా తాగితే ఆడా మగా అని చూడకుండా సంఘం వీధిలోకి లాగుతోంది. ఆ సంఘం కళ్ళు ఇప్పుడు పేరమ్మ మీద పడ్డాయి. అన్యాయం అంటే ఇంతకంటే ఏముంటుంది చెప్పండి!

ఆమె తల వంచుకుని పొలుసు తీయడం మొదలెట్టింది. పూర్వం ఈ పని మొహం పక్కకి తిప్పి, పక్క పీట మనిషితో కబుర్లాడుతూ చేసేది. చేప ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో, కత్తి అంచు ఎంత దూరంలో ఉందో వేళ్ళకే తెలిసేది. ఇప్పుడు వేళ్ళకి ఏమీ తెలియడం లేదు. మణికట్టు దగ్గర్నించీ కిందికి తన చేతులు తనవి కానట్టే ఉన్నాయి. అందుకని కళ్ళార్పకుండా కత్తినే చూస్తూ కొయ్యాలి. అలా చూస్తూ ఉంటే కళ్ళు మూతలు పడతాయి. కళ్ళు మూతపడితే వేలు తెగుతుంది. ఐసులో చెయ్యి పెట్టాల్సి వచ్చినప్పుడల్లా ఎముకల్లోంచి చలి పుట్టుకొచ్చి పళ్ళు టకటకలాడతాయి.

"ఇటివ్వొదినా, నే కోసిస్తా" అంటూ పక్క పీట మీది నాగలక్ష్మి చెయ్యి చాచి చేపని లాక్కుంది. ఆ పిల్లకి పాతికేళ్ళు, చురుకు. బొచ్చెని చకచకా ముక్కలు చేసి, తల రెండుగా చీల్చి, సంచీలో వేసి ఇచ్చేసింది. స్కూటరాయన నాగలక్ష్మితోనే "వచ్చే వారం నీ దగ్గరికే వస్తానమ్మా" అని చెప్పి వెళ్ళాడు. పేరమ్మకి చచ్చేంత సిగ్గేసింది.

ఇదంతా రావమ్మ చూసింది. అరవయ్యేళ్ళ మనిషి, సంఘానికి పెద్ద. మొగుణ్ణి సారాకి పోగొట్టుకుని, ఆ కోపంతో సంఘం కట్టింది. మార్కెట్లో ఎవరు ఏ పీట మీద కూర్చోవాలో ఆవిడే చెబుతుంది. రావమ్మ వచ్చి పేరమ్మ ఎదురుగా గొంతుక్కూర్చుంది.

"నోరు తెరువే."

"పిన్నీ..."

"తెరువు."

అందరూ చూస్తుండగా పేరమ్మ నోరు తెరిచింది. రావమ్మ ముక్కు దగ్గరగా పెట్టి వాసన చూసింది. చేపల వాసన కొట్టింది. ఆ మార్కెట్లో ఎవరి నోరు తెరిపించినా అదే కొడుతుంది.

"తాగలేదు పిన్నీ. గొంతులో గ్రంథి పని చెయ్యట్లేదంట. థైరాయిడంట. ఎన్నేళ్ళ నించో ఉందంట, ఇప్పుడు బయటపడింది. నెలన్నర నించి బిళ్ళలు మింగుతున్నా."

"గ్రంథా? ఏదీ, గొంతు మీద గడ్డేదీ?" అంది రావమ్మ, శాలువా ముడి పక్కకి లాగి చూస్తూ.

"గడ్డ లేదు. లోపల..."

"గొంతుకేం, బానే ఉందొదినా. పని చెయ్యనివి చేతులు" అంది నాగలక్ష్మి. చుట్టూ ఉన్న నలుగురూ పకపకా నవ్వారు. రావమ్మ మాత్రం నవ్వలేదు.

"చూడు పేరమ్మా. ఈ నెలంతా చూస్తా. జూను మొదటి శుక్రవారం మీటింగు. అప్పటికీ ఇట్టాగే తూగుతా కూర్చుంటే ఈ పీట నీది కాదు. నువ్వు నాతో పాటు బస్తాలు మోసిన దానివని వదిలిపెడతాననుకోకు. నిన్ను వదిలితే రేపు ఎవర్ని అడగ్గలను?"

ఆ మాటలో తప్పు పట్టడానికేమీ లేదు. అందుకే పేరమ్మకి ఎక్కువ భయం వేసింది.

మర్నాడు శుక్రవారం ఆమె ఆసుపత్రికి వెళ్ళింది. నెలన్నర బిళ్ళలు వాడాక మళ్ళీ రక్తపరీక్ష చేయించుకు రమ్మన్నారు. లేడీ డాక్టరు కాగితం చూసి మొహం చిట్లించింది.

"అప్పుడు నూట రెండు. ఇప్పుడు తొంభై ఆరు. అయిదు లోపల ఉండాల్సిందమ్మా ఇది. నిజంగా బిళ్ళలు వేసుకుంటున్నావా?"

"అమ్మతోడండీ. రోజూ. మీరు చెప్పినట్టే పరగడుపున."

"ఊఁ" అంది డాక్టరు. ఆ ఊఁలో నమ్మకం లేదు. బయట యాభైమంది ఉన్నారు, ఆవిడ మాత్రం ఏం చేస్తుంది. "ఇంకో నెల చూద్దాం. మానకుండా వేసుకో" అని చీటీ రాసి ఇచ్చేసింది.

పేరమ్మ బయటికి వచ్చి సైకిల్ స్టాండు పక్కన మెట్ల మీద కూలబడింది. మార్కెట్లో నమ్మరు, ఇక్కడా నమ్మకపోతే ఇంక ఎవరికి చెప్పుకోవాలి? ఒకవేళ నిజంగానే తనది రోగం కాదేమో, బద్ధకమేమో అని తన మీద తనకే అనుమానం వచ్చింది. ఏడుపొచ్చింది. ఏడవడానికి కూడా ఓపిక లేక అలా కూచుండిపోయింది.

పదకొండు గంటల ఎండ. జనమంతా వరండా నీడలో ఒకళ్ళ మీద ఒకళ్ళు పడుతున్నారు. ఎండలో ఉన్న మెట్ల మీద ఇద్దరే ఉన్నారు. ఒకరు పేరమ్మ. రెండో ఆవిడ నేత చీర కట్టుకుని, చెవులకి దుద్దులతో, కలిగిన రైతుల ఇంటి మనిషిలా ఉంది. ఆవిడ కాళ్ళకి మేజోళ్ళు, భుజాల మీద ఉన్ని శాలువా. ఆవిడ పేరమ్మ శాలువా వంక చూసింది. పేరమ్మ ఆవిడ మేజోళ్ళ వంక చూసింది.

"మీక్కూడా చలేనా అండీ?" అంది ఆవిడ.

అంతే. పేరమ్మకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, రెండూ కలిసి వచ్చి ముక్కు చీదుకోవాల్సి వచ్చింది.

ఆవిడ పేరు పద్మావతమ్మ. పామర్రు నించి వచ్చింది. థైరాయిడు మొదలై మూడేళ్ళయిందట. దగ్గరికి జరిగి, అడగడం మొదలెట్టింది. జుట్టు ఊడిందా? మడమలు పగిలాయా? కూర్చున్న చోటే నిద్రొస్తుందా? లోపల్నించి ఎవరో లాగి పట్టుకున్నట్టు మాట ఆలస్యంగా వస్తుందా? పేరమ్మ అన్నిటికీ తల ఊపింది. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పడం చేతకాని సంగతులన్నీ ఎదుటి మనిషి వరసపెట్టి చెప్పేస్తుంటే ఆమెకి ఒళ్ళు ఝల్లుమంది.

"కనుబొమ్మల చివర్లు ఊడిపోయాయా? నాకూ ఊడాయి. ఇదిగో, మళ్ళీ వచ్చాయి చూడండి" అని పద్మావతమ్మ తన నుదురు ముందుకు వంచింది. పేరమ్మ వేలు పెట్టి చూసింది. వేలికి తెలియలేదు గానీ కంటికి కనబడింది. సన్నగా, నల్లగా, కొత్త వెంట్రుకలు.

"నన్ను తాగుతున్నానంటున్నారమ్మగారూ" అంది పేరమ్మ ఉన్నట్టుండి.

"అమ్మగారేంటి, అక్కా అనండి చాలు. నన్నేమన్నారో తెలుసా? పనిదొంగన్నారు. కుప్ప నూర్పుల రోజున, కళ్ళంలో అంతమంది కూలీల మధ్య, గడ్డి వాము పక్కన పడి గురకపెట్టి నిద్రపోయాను. మా అత్తగారు చెంబుడు నీళ్ళు తెచ్చి మొహాన కొట్టింది. మా ఆయన వెంకటప్పయ్యగారైతే దయ్యం పట్టిందని చల్లపల్లి అవతల ఎవరి దగ్గరికో తీసుకెళ్ళి వేపమండలతో కొట్టించారు." చెబుతూ ఆవిడ నవ్వింది. నవ్వుతున్నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అది సరే గానీ, బిళ్ళ ఎట్టా వేసుకుంటున్నారు?"

"పరగడుపునే అక్కా."

"నీళ్ళతోనేనా?"

"టీతో. తెల్లారకముందే మార్కెట్టుకి పోతాం కదా, పోగానే టీ వస్తుంది, దాంతోనే మింగేస్తా. టిఫిను తొమ్మిదింటికి గానీ తినను."

పద్మావతమ్మ నుదురు కొట్టుకుంది. "అయ్యో తల్లీ! టీ తాగితే ఇంక పరగడుపెక్కడిది?"

"టీ తిండి కాదుగా?"

"మనకి కాదమ్మా, బిళ్ళకి తిండే. నేనూ ఎనిమిది నెలలు కాఫీతో మింగాను. మన ఇళ్ళల్లో కాఫీ టీలని ఎవరు తిండనుకుంటారు? డాక్టరుకి మనం అట్టా మింగుతున్నామని తెలీదు, మనకి మింగకూడదని తెలీదు. మంచినీళ్ళతో వేసుకోండి. వేసుకున్నాక గంటసేపు ఏమీ వద్దు. చుక్క టీ కూడా వద్దు."

"అప్పుడు తగ్గుతుందా?"

"తగ్గుతుంది గానీ, రేపటికే తగ్గాలంటే కుదరదు. నాకు ఏడాది పైన పట్టింది. ముందు చెమట పడుతుంది. తర్వాత గొంతు తేరుకుంటుంది. చేతుల తిమ్మిరి అన్నిటికంటే ఆఖర్న వదులుతుంది. ఇట్టా తొందరపడి ఏడవకండి." ఆవిడ లేచి బస్సు కోసం సంచీ తీసుకుంది. "గన్నవరం నించి శ్రీదుర్గ అని ఒకమ్మాయి వస్తుంది, దానికీ ఇదే, ఇవాళ రాలేదు. నెలనెలా మొదటి శుక్రవారం ఇద్దరం ఈ మెట్ల మీదే కూర్చుంటాం. మీరూ రండి, ముగ్గురం అవుతాం."

మంచినీళ్ళతో మింగడం చిన్న పనే. టీ తాగకపోవడమే పెద్ద గొడవైంది.

మార్కెట్లో టీ అంటే ఊరికే టీ కాదు. పూర్వం ఐసు పెట్టెలు దించే మగాళ్ళు తెల్లారగట్టే సారా ప్యాకెట్ కొరికి పనిలోకి దిగేవారు. సంఘం వచ్చాక రావమ్మ ఒక పద్ధతి పెట్టింది. పీటల మీద కూర్చునే ముందు అందరూ ఒకే కెటిల్లోంచి పోసిన టీ నిలబడి తాగాలి. ఎవరి చేతిలో గ్లాసు లేదో వాళ్ళు సంఘంలో లేనట్టే. పేరమ్మ ఇంటి దగ్గర గంట ముందు లేచి బిళ్ళ వేసుకుందామని చూసింది గానీ, ఆ నిద్ర మామూలు నిద్రా? మొగుడు పోలరాజు రెక్క పట్టుకుని గుంజితే తప్ప లేవదు. లేచిన ఘడియకే మార్కెట్టు రిక్షా వీధిలో ఉంటుంది.

"నాకిప్పుడొద్దు. గంటాగి తాగుతా" అంది మొదటి రోజు.

రావమ్మ గ్లాసు పట్టుకున్న చెయ్యి అలాగే చాచి ఉంచింది. "ఎందుకని?"

"బిళ్ళ వేసుకున్నా. గంట దాకా ఏమీ తాగకూడదంట."

"నిన్నటిదాకా తాగావుగా?"

"అదే తప్పంట పిన్నీ."

రావమ్మ ఆ గ్లాసు ఇంకొకరికి ఇచ్చేసింది. వెనకాల ఎవరో "గంట పడుతుంది మరి, దిగాలిగా" అన్నారు. నవ్వులు. ఆ రోజు నించి వరసగా ముప్పై రోజులకి పైనే, అందరూ గ్లాసులతో గుంపుగా నిలబడితే పేరమ్మ ఒక్కతే పీట మీద కూచుని కత్తికి నీళ్ళు కొట్టుకుంటూ ఉండేది. వాసన తెలిసిపోతుందని దగ్గరికి రావడం లేదన్నారు. ఆమె నీళ్ళ సీసా మూత తీసి నాగలక్ష్మి రెండుసార్లు వాసన చూసింది. పెద్ద చేపలు కోయించుకునే హోటళ్ళ వాళ్ళు ఒక్కొక్కరే పక్క పీటలకి జరిగారు. ఆమెకి మిగిలినవి చిన్న చేపలు, గొరకలు, వేళ్ళకి ముళ్ళు గుచ్చుకునే పరిగెలు. గుచ్చుకుంటే రక్తం కనబడేది, అంతే. నొప్పి తెలిసేది కాదు.

రోహిణి కార్తె వచ్చింది. రోళ్ళు పగిలే ఎండలు. ఒకరోజు పదింటప్పుడు పేరమ్మ ఒక చిన్న కొర్రమీను జారకుండా బూడిద పట్టించి తోలు లాగుతుంటే కత్తి మీద ఒక నీటి చుక్క పడింది. చేప నీళ్ళనుకుని తుడిచింది. మళ్ళీ పడింది. తల పైకెత్తి చూసింది, రేకు కారడానికి వానేది? అప్పుడు అనుమానం వచ్చి మోచేత్తో నుదురు రాసుకుని ఆ తడి నాలుక్కి తగిలించుకుంది. ఉప్పగా ఉంది.

చెమట! ఎన్నాళ్ళకి, ఎన్నేళ్ళకి! లేచి కేకేసి ఎవరికన్నా చెప్పాలనిపించింది. పక్కకి చూసింది. నాగలక్ష్మి మొహం తిప్పుకుంది. మార్కెట్లో రెండొందలమంది ఉన్నారు, అందరి ఒళ్ళూ కారుతున్నాయి, తనకి చెమట పట్టిందని ఎవరికి చెబుతుంది? శుక్రవారం ఎప్పుడొస్తుందా అనుకుంటూ మిగతా తోలు లాగింది.

శుక్రవారమంటే మీటింగు కూడా. ముందు రోజు సాయంత్రం పోలరాజు అన్నం ముందు కూచుని కలుపుకోకుండా మాట్లాడాడు. ఐసు దిమ్మలు మోసి మోసి భుజం వంగిపోయిన మనిషి. పెళ్ళాన్ని ఒక్క మాట అనడు, ఆమె కోసం ఎవర్నీ ఒక్క మాట అనలేడు.

"ఒప్పేసుకోవే" అన్నాడు.

"ఏం ఒప్పుకోమంటావు మావా?"

"తాగానని. ఒళ్ళు నెప్పులకి ఒకటి రెండుసార్లు తాగాను, తప్పయిందను. అమ్మవారికి కొబ్బరికాయ కొట్టిస్తారు, వదిలేస్తారు. పీట మిగులుద్ది. కాదూ కూడదంటే పీట పోద్ది. ఆ పీట పోతే ఈ చేతుల్తో నీకు ఇంకెవడు పనిస్తాడే?"

"నువ్వు నమ్ముతున్నావా నేను తాగానని?"

పోలరాజు అన్నం కలపడం మొదలెట్టాడు. "నే నమ్మితే ఏంటి, నమ్మకపోతే ఏంటి" అన్నాడు. అతను చెప్పిన దారి పేరమ్మ మనసులో పడింది. ఒక్క అబద్ధం. పీట మిగులుతుంది.

మర్నాడు పరీక్షలో అరవై ఒకటి వచ్చింది. డాక్టరు మొదటిసారి తలెత్తి నవ్వింది. మెట్ల మీద పద్మావతమ్మ ఆ కాగితం లాక్కుని రెండుసార్లు చదివింది. శ్రీదుర్గ ఎస్టీడీ బూతులో పనిచేసే ఇరవై రెండేళ్ళ పిల్ల. "నాకు చేతులు బానే ఉంటాయండీ, గొంతే పోయింది. ఫోన్లో అందరూ సార్ అంటారు" అంది బొంగురు గొంతుతో. ముగ్గురూ పడీ పడీ నవ్వారు. పేరమ్మ చెమట సంగతి చెప్పింది. చెబుతుంటే ఆ ఇద్దరి మొహాలూ వెలిగాయి. శ్రీదుర్గ పరిగెత్తి మూడు బత్తాయి రసాలు తెచ్చింది. "చెమట పట్టినందుకు పార్టీ" అంది. ఎవరికో చెమట పట్టిందని ఇంకెవరో సంతోషించడం పేరమ్మ పుట్టి బుద్ధెరిగాక అదే చూడడం.

అప్పుడు మీటింగు సంగతి కూడా చెప్పేసింది.

"నే వచ్చి చెప్పనా?" అంది పద్మావతమ్మ వెంటనే. "రాత్రి బస్సుకి పోతాలే."

పేరమ్మ ఆలోచించింది. "వద్దక్కా. మీ మొహం చూసి ఊరుకుంటారు. నన్ను నమ్మినట్టు కాదది."

సాయంత్రం ఐదింటికి మార్కెట్టు కడిగేశాక, ఐసు షెడ్డు పక్కన అమ్మవారి పటం ముందు అందరూ కూచున్నారు. నేల ఇంకా తడిగా ఉంది. పోలరాజు దూరంగా స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. పేరమ్మ పరీక్ష కాగితం ఇచ్చింది. అది చేతులు మారి రావమ్మ దగ్గరికి వచ్చింది. ఆవిడ దాన్ని ఇటూ అటూ తిప్పి చూసింది.

"ఇందులో తాగలేదని ఎక్కడ రాసుంది?"

ఎక్కడా రాసిలేదు.

"సంఘంలో దారులు రెండు" అంది రావమ్మ, అందరికీ వినబడేట్టు. "తప్పు ఒప్పుకుంటే కొబ్బరికాయ. ఒప్పుకోకపోతే కర్పూరం. వెలిగించిన బిళ్ళ అరచేతిలో ఆరిపోయేదాకా పట్టాలి. చెయ్యి విదిలిస్తే అబద్ధమాడినట్టే. కిందటేడు హేమ విదిలించింది, మార్కెట్టు వదిలిపోయింది." అని, గొంతు తగ్గించి, పేరమ్మకొక్కదానికే అన్నట్టు అంది. "ఒప్పుకోవే. నీ మీద నాకేమన్నా పగా? ఒక్క మాట చాలు."

పేరమ్మ మొగుడి వంక చూసింది. అతను కళ్ళతోనే ఒప్పుకొమ్మని బతిమాలుతున్నాడు. ఒక్క మాట. ఆ మాట నోటి దాకా వచ్చింది. అంటే పీట ఉంటుంది. అంటే ఇంక ఈ జన్మకి తాగుబోతు పేరమ్మే అవుతుంది. వచ్చే నెల మెట్ల మీద కూర్చుని పద్మావతమ్మకి ఏమని చెబుతుంది?

"నేను తాగలేదు పిన్నీ. కర్పూరం తే" అంది.

రావమ్మ పెదవులు బిగించి, కర్పూరం బిళ్ళ పేరమ్మ కుడి అరచేతిలో పెట్టి అగ్గిపుల్ల గీసింది. మంట లేచింది. పేరమ్మ కళ్ళప్పగించి ఆ మంటనే చూస్తూ నిలబడింది. చుట్టూ నల్లటి పొగ, కర్పూరం ఘాటు, దాని వెనక ఇంకేదో కాలుతున్న వాసన. ఆమె చెయ్యి వణకలేదు. కనురెప్ప కొట్టలేదు. మంట నీలంగా మారి, చిన్నదై, ఆరిపోయింది.

"అమ్మా తల్లీ!" అని ఎవరో గావుకేక పెట్టారు. అందరూ ఒక్కసారిగా లేచారు. చెంపలు వేసుకున్నారు. నాగలక్ష్మి వచ్చి పేరమ్మ కాళ్ళ మీద పడి, "తప్పయిపోయిందొదినా, ఈ పాడు నోటితో ఎన్నెన్ని మాటలన్నానో" అని వెక్కివెక్కి ఏడ్చింది. పోలరాజు స్తంభం దగ్గరే చతికిలబడి కండువాలో మొహం దాచుకున్నాడు. రావమ్మ పటం ముందున్న కుంకుమ తీసి నాగలక్ష్మి చేతికిచ్చి పేరమ్మకి బొట్టు పెట్టమంది.

గెలిచింది. పీట మిగిలింది, పేరు మిగిలింది. ఇంక మాట్లాడకుండా ఇంటికి పోతే సరిపోయేది.

పేరమ్మ తన అరచేతి వంక చూసుకుంది. మధ్యలో రూపాయి బిళ్ళంత మేర చర్మం తెల్లబడి, ఉబ్బి, కళ్ళముందే నీరు పడుతోంది. అంత కాలిపోయింది! తనకి తెలియలేదు. అప్పుడు ఆమెకి నిజంగా భయం వేసింది. ఆ భయంలోనే పొద్దున బత్తాయి రసం తెచ్చిన పిల్ల గుర్తొచ్చింది. నాకు చేతులు బానే ఉంటాయండీ అంది. అదే రోగం, అదే గొంతు. ఆ పిల్లే ఇక్కడ నిలబడి ఉంటే?

"అమ్మవారు కాదు పిన్నీ" అంది.

"ఏంటే?"

"అమ్మవారి మహిమ కాదు. కాలడం నాకు తెలీలేదు. చూడు." చెయ్యి చాచింది. "నా చేతులకి ఏమీ తెలీదు. నిప్పు పెట్టినా తెలీదు. నెల పైనించీ మీకు చెబుతున్నది ఈ రోగం సంగతేగా! మీరు కాలిస్తే గానీ..."

రావమ్మ గబుక్కున ముందుకొచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది. "నోర్ముయ్యవే" అంది చెవిలో. "గెలిచావు గదా. ఊరుకో."

"గెలవలేదు పిన్నీ. నా చెయ్యి చచ్చిపోయి ఉంది కాబట్టి నేను నిజం చెప్పినట్టయింది. రేపు ఇంకోదాని చేతిలో పెడతారు. దాని చెయ్యి బతికే ఉంటుంది. మండుతుంది, విదిలిస్తుంది. అప్పుడు అది తాగినట్టేనా?"

రావమ్మ పేరమ్మ చేతిని వెలుగులోకి తిప్పి పట్టుకుంది. బొటనవేలి కొన గిల్లింది. "తెలుస్తుందా?" "లేదు." చూపుడు వేలు గట్టిగా గిల్లింది. "ఇదీ?" "లేదు." గోరు దిగేదాకా నొక్కుకుంటూ అరచేతి అంచు మీదుగా మణికట్టు దాటి పైకి వచ్చింది. అక్కడ పేరమ్మ "అబ్బా" అని చెయ్యి లాక్కోబోయింది. రావమ్మ చెయ్యి వదల్లేదు. ఆవిడ ఆ తడి నేల మీదే మెల్లగా కూలబడి, కాలిన చోట తన పమిట చెంగు తడిపి అద్దడం మొదలెట్టింది. చాలాసేపు అద్దుతూనే ఉంది.

"హేమ కూడా తాగలేదనే చెప్పింది" అంది చివరికి, ఎవరితోనో తెలియకుండా.

నాగలక్ష్మి కన్నీళ్ళు తుడుచుకోవడం ఆపింది. ఏడాదిగా తను కూర్చుంటున్న పీట హేమది.

"ఆ పిల్ల ఇప్పుడెక్కడుందే?"

"చల్లపల్లి దగ్గర, వాళ్ళమ్మ ఇంట్లో" అన్నాడు పోలరాజు స్తంభం దగ్గర్నించి.

రావమ్మ మోకాళ్ళ మీద చేతులు వేసుకుని లేచింది. ఒక్కసారిగా పదేళ్ళు మీద పడ్డ మనిషిలా ఉంది. "పొద్దున మొదటి బస్సుకి పోవాలి" అంది. రెండడుగులు వేసి ఆగి, పేరమ్మ వైపు తిరిగింది. "నువ్వూ రావాలి. నేనొక్కదాన్నే వెళితే అది తలుపు తియ్యదు."